మధుకర్ మైకు

ఊరూరా తిరిగి పాటలు రికార్డు చేసే మధుకర్ వస్తున్నాడని మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అప్పటినుంచి గట్టయ్యకు ముద్ద దిగలేదు.

"పాట తీసుకోనికి వస్తున్నడట" అన్నాడు పెళ్లాంతో.

"మంచిదే గదా. ఎప్పటిసంది ఆశపడుతున్నవ్" అంది ఓదెమ్మ.

ఆశపడిన మాట నిజమే. తొర్రూరు చుట్టుపక్కల తెలంగాణ సభ ఎక్కడ జరిగినా ముందు గట్టయ్య డప్పు మోగాలి. గొంగడి భుజాన వేసుకుని అతను పాట ఎత్తుకుంటే వెనక ఓదెమ్మ వంత. అంత పేరున్నా అతని గొంతు ఇంతవరకు ఏ రికార్డులోకీ ఎక్కలేదు. మధుకర్ తన గడప తొక్కడం లేదని నిరుడు అలిగాడు కూడా.

ఇప్పుడు వస్తున్నాడంటే మాత్రం భయం.

మధుకర్ మొదట చాంద్యా పాట తీసుకున్నాడు. మహబూబాబాద్ దగ్గరి తండా మనిషి. కంచు పళ్లెం మోగిస్తూ పాడితే రాళ్లు కూడా వినేవి. మూడు నెలలు తిరగలేదు, పోయాడు. తర్వాత కేసముద్రం ముత్తమ్మ. పాట ఇచ్చిన నెలకే మంచం పట్టింది, మళ్లీ లేవలేదు. ఆ వెనక భూపాలపల్లి బొగ్గుబాయి రాజలింగు. ఢోలక్ మీద అతని చెయ్యి పడితే జనం నిలబడిపోయేవారు. అతను రెండు నెలలు కూడా ఆగలేదు.

ఇప్పుడు సభ మొదలయ్యేముందు వాళ్ల పాటలు మైకులో వేస్తారు. జనం లేచి నిలబడతారు. ఉన్నవాళ్లకు జిందాబాద్. పోయినవాళ్లకు జోహార్. మొన్న జనగామ సభలో ఆ ముగ్గురి గొంతులూ ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. డప్పు మీద గట్టయ్య వేళ్లు చల్లబడ్డాయి.

"గా మైకు మంచిది గాదే" అన్నాడు. "ముగ్గుర్ని మింగింది. పాట అయినంక ఇంటోళ్లను పక్కకు పిలిచి ఏదో చెప్తడట. గదేందో ఒక్కలు బయటపెట్టరు."

"నీకు దగ్గొచ్చినా చావొచ్చినట్టే" నవ్వింది ఓదెమ్మ. "పోయిన నెల పెద్ద దవాఖానకు పోతె డాక్టరేమన్నడు? చుట్టలు బంద్ పెట్టు, నీకేం కాలేదన్నడు. నీ ఎంబడి తోడు వచ్చిన పాపానికి నాకు సుత సూది గుచ్చి నెత్తురు తీసిరి."

"నగకు. తెలంగాణ అచ్చిన్నాడు నేను పాడాలె. గా ఒక్క దినం దాటినంక ఎప్పుడు పోయినా మంచిదే."

తెలంగాణ సమ్మెతో బస్సులు బందయ్యాయి. మధుకర్ బండి మీద వస్తాడు. ఆ చప్పుడు బజారు మలుపులో వినిపించగానే గట్టయ్య పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు.

"నా గొంతు పోయిందని చెప్పు. నువ్వే పాడు."

"నేనా? వంత పాడేదాన్ని!"

"ఎవరిదో ఒకరిది పడాలె గా మైకుల. లేకుంటే మళ్ల వస్తడు."

ఓదెమ్మ అతని ముఖంలోకి చూసింది.

"అంటే నేను పోయినా ఫరక్ లేదన్నట్టు" అంది నవ్వుతూనే.

గట్టయ్య వెనక కొట్టంలోకి వెళ్లి తడిక చాటున నిలబడ్డాడు.

మధుకర్ నెమ్మది మనిషి. ఏదో సర్కారు కొలువు అంటారు. ఎక్కడని గట్టయ్య ఎప్పుడూ అడగలేదు. గద్దె మీద కూర్చుని సంచిలోంచి మైకు తీశాడు. వైరు సాఫు చేశాడు.

"మంచిగున్నవా వదినె? అన్నం తినబుద్ధయితుందా?"

"తినకుంటే బలమెక్కడిది తమ్మీ? మీ అన్నకే గొంతు పోయింది. మాట లేదు, పాట లేదు. నేను పాడితే నడుస్తదా?"

"నడుస్తది వదినె. నువ్వే పాడు."

గట్టయ్యకు ఆశ్చర్యం వేసింది. అన్న ఏడని కూడా అడగలేదు.

ముప్పై ఏళ్లలో ఓదెమ్మ మైకు ముందు ఒక్కతే పాడడం అదే మొదలు. ముందు గొంతు తడబడింది. తర్వాత కుదురుకుంది. తల్లి దగ్గర నేర్చిన నాట్ల పాట. 'మొగులు మీద మొగులొచ్చె, మా మడి తడవకపాయె' అంటూ చెయ్యెత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు కదలకుండా నిలబడ్డారు. ఈమె ఇంత పాడుతుందని గట్టయ్యకే తెలియదు.

పాట ఆగింది. మైకు మీద ఎర్ర లైటు ఆరింది.

గట్టయ్య ఊపిరి వదిలాడు. వదిలినందుకు సిగ్గూ వేసింది. గొంతు పోయిన సంగతి మరిచి పెద్దగా పిలుస్తూ బయటికి వచ్చాడు.

"అయిపోయిందా తమ్మీ!"

"అగో, వచ్చె గొంతు!" ఓదెమ్మ కిలకిలా నవ్వి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

మధుకర్ నవ్వలేదు. వైరు చుట్టి సంచిలో పెట్టాడు.

"అన్నా, జర పక్కకు రా."

గట్టయ్య బండి దాకా నడిచాడు.

"నా పాట... తీసుకోవా తమ్మీ?"

"నీకేమైందన్నా? తెలంగాణ అచ్చిన్నాడు పాడుదువు తియ్" అన్నాడు మధుకర్, అతని కళ్లలోకి చూడకుండా.

"కాయితం ముందిస్తే గొంతు వణుకుతదన్నా, గందుకే ఎవలకైనా పాట తీసుకున్నంకనే ఇస్త" అంటూ, ఆ పెద్ద దవాఖానలోనే రక్తపరీక్షలు చేసే మధుకర్ సంచి అడుగునుంచి ఓదెమ్మ పేరు రాసిన కవరు తీసి గట్టయ్య చేతిలో పెట్టాడు.