రాజం పేజీ

సకల జనుల సమ్మెకు సిరిసిల్లలో సాంచాలన్నీ ఆగిన రాత్రి. ఆ మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దమే భయంగా ఉంది. కార్మిక సంఘం ఆఫీసులో సంపత్ ఒక్కడే సాయం కోరిన కార్మికుల పాత కాగితాలను, మనిషికో పేజీగా, సంఘం వికీలోకి ఎక్కిస్తున్నాడు.

తర్వాతి పేజీ రాజంది. దమ్ముతో ఆయాసపడుతూ ఆ ముసలి కార్మికుడు వైద్య సాయానికి దరఖాస్తు తెచ్చినప్పుడు, "సమ్మె అయినంక పంపుత, ఫికర్ చెయ్యకు కాకా" అని సంపతే దాన్ని సొరుగులో పడేశాడు. మొన్న రాజం చనిపోయాడు.

"దరఖాస్తు అందలేదు" అని టైపు చేసి, సేవ్ చేశాడు సంపత్. మళ్లీ చూస్తే ఆ చోట "దరఖాస్తు నేనిచ్చిన" అని ఉంది. కింద, మార్చినవారి పేరు: రాజం.

ఎక్కడో ఒక్క సాంచా టకటకా నడవడం మొదలైంది.

"తప్పైంది కాకా," అన్నాడు సంపత్.

సాంచా ఆగింది. పేజీలో ఇంకో వరుస వచ్చింది: "సంపతూ, నేనింకా సొరుగులనే ఉన్న."