నిదానం బాబాయి పేజీలు

చిత్తుకాగితాల బస్తాలో ఎవరో చెయ్యి పెట్టి వెతుకుతున్నారు.

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన. అంతకుముందు ఎప్పుడూ ఆ హాల్లో కనిపించిన మనిషి కాదు.

పాత పాఠ్యపుస్తకాలు పోగుచేసి, బాగుచేసి, సముద్రం అవతల పుస్తకాల్లేని తెలుగు బళ్ళకు పంపే హాలది. రిటైరయ్యాక టీచరమ్మ నెత్తికెత్తుకున్న పని. ఒక బల్ల దగ్గర దుమ్ము దులుపుతారు, ఒక బల్ల దగ్గర అట్టలు వేస్తారు, చివరి బల్ల దగ్గర పెట్టెల్లో సర్దుతారు. పేజీలు పోయిన పుస్తకమైతే మారుమాట లేకుండా బస్తాలోకే. సగం పాఠం పంపి పిల్లల్ని ఏడిపించడం ఆమెకు ఇష్టం లేదు.

“ఇది పారేస్తారా అమ్మా?” అని అడిగాడు పెద్దాయన, ఐదో తరగతి లెక్కల పుస్తకం ఒకటి పైకి తీసి.

“నాలుగు పేజీలు లేవండి. ఏం చేసుకుంటాం?”

ఆ పేజీలున్న ఇంకో పుస్తకం ఇస్తే చూసి రాసుకొస్తానన్నాడు. పోతే ఒక పుస్తకమేగా అని ఇచ్చేసింది.

వారం తిరిగేసరికి తెచ్చాడు. నాలుగు పేజీలూ నల్లసిరాతో అచ్చు గుద్దినట్టు రాసి, దారంతో కుట్టి. లెక్క పక్కనున్న బాతుల బొమ్మతో సహా.

టీచరమ్మకు చిన్నతనం ముంచుకొచ్చింది. అప్పట్లో అక్క చదివేసిన పుస్తకాలే తనకు వచ్చేవి. చివరి పాఠం ఏ ఏడాదీ మిగిలేది కాదు. పక్కింటివాళ్ళ పుస్తకం అరువు తెచ్చి, అమ్మ వంట చేస్తూ చేస్తూ ఆ పాఠం తెల్లకాగితాల మీద రాసిపెట్టేది. ఆ కాగితాలకు తిరగమోత వాసన వచ్చేది. క్లాసులో అందరూ నవ్వితే తనకు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ కాగితం ఒక్కటి దొరికినా చాలుననిపిస్తుంది.

అప్పట్నుంచి పెద్దాయన ప్రతి వారం వచ్చేవాడు. వారానికి ఒక్కటే పుస్తకం, అంతకు మించి కదలదు. అట్టలు వేసే ఆడవాళ్ళు నిదానం బాబాయి అని పేరు పెట్టేశారు. మీ పుస్తకం అందేసరికి అక్కడి పిల్లలకు పెళ్ళిళ్ళయిపోతాయి బాబాయ్ అని ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఓడ బయలుదేరడానికి మూడు రోజులుందనగా వచ్చింది గొడవ.

మూడొందల మంది పిల్లల పుస్తకాలు. ఈ ఓడ తప్పితే వాళ్ళకు ఏడాది చదువు పోయినట్టే. టీచరమ్మకు తిండి సయించడం లేదు. ఆ హడావిడిలో బాబాయి తెచ్చిన పుస్తకం తిరగేసింది. ఎక్కాల పేజీలో ఒక గడిలో ఏడెనిమిదులు యాభై నాలుగు అని ఉంది.

అసలు పుస్తకం తీసి చూసింది. ఆ గడిలో ఎప్పుడో ఎవరో పెన్సిలుతో నింపిన తప్పు జవాబు. బాబాయి దాన్ని కూడా నల్లసిరాతో శుభ్రంగా ఎక్కించేశాడు.

“చదివి రాస్తున్నారా, కళ్ళు మూసుకుని రాస్తున్నారా? అక్కడి పిల్లలు ఇదే నిజమనుకుని నేర్చుకుంటారు.”

“చూసింది చూసినట్టే రాశానమ్మా.”

“ఆ మాత్రం తప్పు తెలియదా? ఇక మీరు శ్రమపడకండి. ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.”

ఆయన ముఖం చిన్నబోయింది. సంచిలోంచి ఇంకో పుస్తకం తీసి, ఇది సగంలో ఉంది, పూర్తి చెయ్యనా అని అడిగాడు. మీ ఇష్టం అంది టీచరమ్మ, తలెత్తకుండానే. ఆయన వెళ్ళిపోయాడు.

ఆయన రాసిన పుస్తకాలు నలభై దాకా ఉన్నాయి. పక్కన పెడితే పిల్లలకు చాలవు. కూర్చుని ప్రతి పేజీ తానే సరిచూసింది. ఆ ఒక్క చోట తప్ప ఎక్కడా చుక్క కూడా పొల్లుపోలేదు. పిలిపించి ఒక మంచి మాట చెప్పాలనుకుంది గానీ పనిలో పడి మరిచిపోయింది.

ఐదు నెలలకు అవతలి బడి నుంచి ఉత్తరం వచ్చింది. చేత్తో రాసిన పేజీలున్న పుస్తకాల కోసం పిల్లలు కొట్లాడుకుంటున్నారట. వాటిని చూసి చేతిరాత దిద్దుకుంటున్నారట. “ఆ మాస్టారెవరో గానీ, ఆయన చేత మా పిల్లలకు నాలుగు ముక్కలు రాయించి పంపండి. గోడకు అంటించుకుంటాం,” అని రాశాడు అక్కడి హెడ్మాస్టరు.

టీచరమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నలుగురిలో ఆ పెద్దాయనను అన్న మాటలు ఇప్పుడు తనకే గుచ్చుకున్నాయి. ఇల్లెక్కడో కనుక్కుని ఆ సాయంత్రమే బయలుదేరింది. క్షమించమనాలి, ఉత్తరం రాయమని బతిమాలాలి. దారంతా మాటలు కూడబలుక్కుంటూనే ఉంది.

తలుపు తీసింది ఆయన భార్య. ఆయన పోయి ఐదు నెలలు కావస్తోందని చెప్పింది.

లోపల కిటికీ పక్కన చిన్న బల్ల, స్కేలు, సిరాబుడ్డి, దారపుండ. ఆ సగంలో ఉన్న పుస్తకం తెరిచే ఉంది. చివరి పేజీ ఒక మాట మధ్యలో ఆగిపోయింది. టీచరమ్మ ఆ పేజీ మీద చెయ్యి ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని ఉత్తరం చదివి వినిపించింది.

“బాబాయిగారు ఏ బడిలో పనిచేసేవారు పిన్నిగారూ?”

ఆవిడ వింతగా చూసింది.

“బడా? ఆయనది యూనిఫారాల మీద పేర్లు కుట్టే పనమ్మా. ఒక్క అక్షరం చదవడం రాదు, బొమ్మ చూసి బొమ్మ వేసినట్టు గీసేవారు, అందుకే పేజీకి రోజంతా పట్టేది.”