బేసి రోజుల బండి

“రెండో కారు కొనక తప్పదమ్మా. ఇంకో నెల ఇలాగే చేశానంటే నీ పక్క మంచం నాకే వేయాలి,” అంది రెత్నో, స్టీరింగ్ మీద నుదురు ఆనించి.

ఆసుపత్రి పార్కింగ్‌లో అప్పటికి ఐదూ నలభై. ఇంకా తెల్లవారలేదు. తల్లి పోనిరాకి డయాలసిస్ ఎనిమిదింటికి.

వాళ్ళ కారు నంబరు చివర నాలుగు ఉంది. జకార్తాలోని పెద్ద రోడ్ల మీద పొద్దున ఆరు నుంచి పది దాకా సరి తారీఖున సరి నంబరు బండ్లు, బేసి తారీఖున బేసి నంబరు బండ్లే తిరగాలి. ఆసుపత్రి అలాంటి రోడ్డు మీదే ఉంది. డయాలసిస్ జరిగే మంగళవారం గానీ శుక్రవారం గానీ బేసి తారీఖున పడిందంటే, తల్లీకూతుళ్ళు నాలుగున్నరకే ఇల్లు వదలాలి. ఆరు కొట్టేలోగా ఇక్కడికి చేరి, ఏడున్నర దాకా కార్లోనే కూర్చోవాలి.

“సరి రోజైతే ఏడున్నరకి నిన్ను గేటు దగ్గర దింపేసి, ఎనిమిదింటికి నా కుర్చీలో ఉంటాను. ఇవాళ చూడు, కారు ఇక్కడే వదిలేసి బస్సులో వేలాడుతూ పోవాలి. మొన్న మీటింగులో కునుకు పట్టేసింది. మా మేడమ్ అందరి ముందూ ‘దిండు తెప్పించమంటావా’ అంది.”

పోనిరాకి నవ్వాగలేదు. రెత్నో కూడా నవ్వేసింది.

“నవ్వు, నవ్వు. ఇంకోసారి కునికితే ఇంట్లోనే పడుకోమంటుంది.”

“ముందు ఇది తిను.” పోనిరా ఆకు పొట్లం విప్పి, కొబ్బరిపాల అన్నం, వేయించిన సోయా టెంపే ముక్కలు కూతురి చేతిలో పెట్టింది. “ఇటు తిరుగు. తల దువ్వుతాను. పిచ్చుక గూడులా ఉంది.”

రెత్నో అటు తిరిగి తింటూ కూర్చుంది. మధ్యలో తల్లి టీ గ్లాసు ఎత్తితే, తల తిప్పకుండానే, “రెండు గుక్కలే. డాక్టరు చెప్పింది గుర్తుందా?” అంది.

“ఉందిలేవే. అయినా ముగ్గురున్న ఇంటికి రెండు కార్లెందుకు? సందులో ఒకటి పెడితేనే మాంసం ఉండల బక్సో అమ్మేవాడు తోపుడుబండి పట్టడం లేదని రోజూ తిడుతున్నాడు.”

“వాడి తిట్లు నేను పడతాలే.”

ఆదివారం అల్లుడు హెంద్రో కూడా అదే మాట ఎత్తాడు. అతను మోటార్‌సైకిల్ మీద పనికి పోతాడు, కారుతో అతనికి పని లేదు.

“నాకోసం కాదు అత్తయ్యా. దీని కళ్ళు చూడండి. రాత్రి అన్నం ముందు కూర్చునే నిద్రపోయింది. గరిట చేత్తో పట్టుకుని మరీ.”

పోనిరా కూతురి కళ్ళ కింద నలుపు చూసింది. చివరికి, “సరే, కొందాం. కానీ బండి నేనే చూస్తాను. ఎక్కి కూర్చునేది నేను కదా. బెకాసిలో మా కుస్నో దగ్గర తీసుకుందాం,” అంది. కుస్నో ఆమె తమ్ముడు. పాత కార్లు అమ్ముతాడు.

రెత్నో తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. “రంగు నీ ఇష్టం. చివరి అంకె మాత్రం బేసి ఉండాలి. మర్చిపోకు.”

“నాకా చెప్తున్నావు? నలభై ఏళ్ళు బజార్లో చెప్పులమ్మాను. జత ఏదో ఒంటిది ఏదో తెలీదా?”

సోమవారం సాయంత్రానికి పోనిరా ఎంచిన బూడిదరంగు కారు సందులో నిలబడి ఉంది. కుస్నో మనిషి నడిపి తెచ్చి వెళ్ళిపోయాడు. హెంద్రో వెనక్కి వెళ్ళి, వంగి నంబరు చూసి, అలాగే ఉండిపోయాడు.

“అత్తయ్యా! చివర సున్నా ఉంది!”

“ఉంటే?”

“సున్నా సరి అంకె.”

“సున్నా అంటే ఏమీ లేనిది కదా నాయనా. ఏమీ లేనిది సరి ఎలా అవుతుంది?”

“ఆ మాట పోలీసుకి చెప్పండి.” హెంద్రో తల పట్టుకున్నాడు. “బాగుంది. ఇప్పుడు మనకి రెండు కార్లు. రెండూ ఒకే రోజు తిరుగుతాయి, ఒకే రోజు పడుకుంటాయి.”

రెత్నో నవ్వలేదు. భుజానికున్న సంచి కూడా దించకుండా గడప మీద కూర్చుండిపోయింది. రేపు మంగళవారం, తొమ్మిదో తారీఖు. మళ్ళీ నాలుగున్నర.

“పోనీలే, ఏమీ అనకు,” అంది భర్తతో, గొంతు తగ్గించి. “అమ్మ పెద్దదైపోయింది.”

ఆ మాట పోనిరాకి వినబడింది. ఆమె లోపలికి వెళ్ళి అన్నాలు వడ్డించింది.

“రేపు తొమ్మిదింటికి కుస్నో మామయ్యకి ఫోన్ చేసి బేసి నంబరు బండికి మార్పిస్తాను,” అన్నాడు హెంద్రో, తింటూ.

మర్నాడు ఆరు కాకముందే తల్లీకూతుళ్ళు పార్కింగ్‌లో ఉన్నారు. రెత్నో సగం తిన్న పొట్లం పక్కన పెట్టి, తల్లి భుజం మీద తల వాల్చింది.

“ఇదే ఆఖరుసారి అమ్మా. వచ్చే బేసి రోజు నుంచి ఏడున్నరకి గేటు దగ్గర దింపేస్తాను. నీకూ హాయి, నాకూ హాయి.”

“ఊఁ. పడుకో.”

తల్లి మాట పూర్తికాకుండానే రెత్నో నిద్రపోయింది. అద్దం మీద ఆవిరి పట్టింది. ఆసుపత్రి మెట్లు ఊడ్చేవాళ్ళు వచ్చారు. పోనిరా కాసేపు కూతురి జుట్టు సవరిస్తూ కూర్చుని, ఖాళీగా ఉన్న చేత్తో ఫోన్ తీసింది.

“ఏంటక్కా, ఇంత పొద్దున్నే? ఒంట్లో బాగానే ఉందా?” అన్నాడు కుస్నో కంగారుగా.

“బాగానే ఉంది రా. తొమ్మిదింటికి మా అల్లుడు ఫోన్ చేస్తాడు, బేసి నంబరు బండి కావాలని.”

“దానికేం, చెయ్యమను. బేసివి నాలుగున్నాయి. నచ్చింది తీసుకుపొమ్మంటాను.”

పోనిరా భుజం కదలకుండా ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“లేవని చెప్పు.”