పోపు ఆగిన పూట

కరెంటు పోగానే వీధంతా జనరేటర్లు మోగాయి. వరహాలు కూడా తనది వేసింది. పొదుగుపెట్టెలో గుడ్లు పిల్లలయ్యే రోజది. వేడి తగ్గితే ఒక్కటీ దక్కదు.

అంతలో ఇంజన్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. స్తంభానికున్న పొగముక్కు ఎర్రగా వెలిగింది. జనరేటర్ల పొగకు వంటపొగ కూడా తోడై వీధిలో హద్దు దాటితే అది జనరేటర్లన్నిటినీ ఆపేస్తుంది.

"ఎవులింటిదే ఆ పోపు?" ఎదురింటావిడ కేకేసింది.

వరహాలు వంటింట్లోకి పరిగెత్తింది. "అత్తా, కరెంటు లేనప్పుడు మిరపకాయలు ఏపుతావేటి?"

"అలవాటే, మరిసిపోనాను!" అప్పలకొండ నాలుక్కరుచుకుని మూకుడు దించి మూతపెట్టింది.

కాసేపటికి పొగముక్కు ఆకుపచ్చగా మారింది. ఇంజన్లు మళ్లీ మోగాయి. అత్తాకోడళ్లు పెట్టె పక్కనే కూర్చుని పోపులేని పప్పన్నం తింటుంటే, మొదటి పిల్ల పెంకు పగలగొట్టుకుని కిచకిచమంది.

సాయంత్రం కరెంటు వచ్చింది. మరుక్షణమే వీధిలో ప్రతి ఇంటా పోపు చిటపటలాడింది.