పుట్టినరోజు తలంటు

ఇంటింటికీ స్నానాల పెట్టె వచ్చాక పిల్లల ఒంటిమీద పెద్దవాళ్ల చెయ్యి పడడమే తగ్గిపోయింది. పెట్టే రుద్దుతుంది, పెట్టే తుడుస్తుంది, ఒంట్లో నలత లేకపోతే పచ్చదీపం వెలిగించి బయటికి పంపుతుంది. పుట్టినరోజు తలంటు మాత్రం ఆచారంగా మిగిలింది. పోయినేడు సుభాషిణి దాన్నీ శాస్త్రానికి కానిచ్చేసింది. మాడుమీద చుక్క నూనె పెట్టి కూతుర్ని పెట్టెలోకి తోసింది.

ఈసారి ఏడేళ్ల ఇందుజ పీట మీంచి లేవనంది.

"ఒళ్లంతా రాయాలి. నువ్వే రాయాలి."

వీపుకి నూనె మర్దనా చేస్తుంటే పక్కటెముక మీద రేగిపండంత గడ్డ సుభాషిణి వేళ్లకు తగిలింది. పిల్ల "అబ్బా" అని ముడుచుకుంది.

"ఎప్పట్నుంచే ఇది?"

"ఎప్పట్నుంచో. పెట్టె ఏమీ అనలేదుగా!"

జ్వరం లేదు, దగ్గు లేదు, తిండికీ ఆటకీ లోటు లేదు. పచ్చదీపమే వెలుగుతోంది కదా అంది డాక్టరమ్మ కూడా. సుభాషిణి ఊరుకోలేదు. చివరికి సూదితో తీసి చూస్తే, అది ఫంగస్. రక్తంలో పాకి ఎముకలో గూడు కట్టుకుంది.

"ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఇలా వస్తుందని పెట్టెకి ఎవరూ నేర్పలేదమ్మా," అంది డాక్టరమ్మ తల దించుకుని. "నయమవుతుంది. ఏడాది పాటు మందు వాడాలి."

ఆ ఆదివారం సుభాషిణి పెట్టె స్విచ్చి ఆపేసి, నూనె గోరువెచ్చగా కాచి, పీట వేసింది.

"మళ్లీ నా పుట్టినరోజా?" ఇందుజ కళ్లు పెద్దవి చేసింది.

"అవునే తల్లీ," అంది సుభాషిణి, అరచేతిలో నూనె ఒంపుకుంటూ. "ఇది పోయినేటిది."