అత్తగారి గొంతు

ఇప్పుడు మంచుకొండలన్నీ మాట్లాడతాయి. ఎవరి గొంతు వింటే మనం ఠక్కున ఆగిపోతామో, ఆ గొంతుతోనే చెవిలో హెచ్చరిస్తాయి. సుభాషిణి తన అత్తగారి గొంతు పెట్టుకుంది. అది వింటే ఆమె చేతిలో గరిటె కూడా ఆగిపోతుంది.

ఆ అత్తగారు మాణిక్యాంబ ఈ ఉదయం అరవయ్యారేళ్ల వయసులో మంచు మీద జారే స్కీలు కాళ్లకి కట్టుకుని, హిమాలయాల్లోని ఔలీ వాలు పైన కోడలి పక్కనే నిలబడింది. చైత్రమాసపు ఎండకి మంచు బొంబాయి రవ్వలా మెరుస్తోంది.

"ఇంతకంటే మంచి రవ్వ దొరుకుతుందా? పద, సుభా!" అందావిడ ఉత్సాహం పట్టలేక.

"ఆగు! పైన రవ్వే గాని, అడుగున జావైపోయింది," అంది చెవిలో అదే గొంతు.

సుభాషిణి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దత్తయ్యా!"

"ఎవరు చెప్పారే?"

"మీరే!"

ఆవిడ నోరు తెరిచేలోగా వాళ్ల ముందున్న వాలంతా పగిలి, ఉరుముతూ లోయలోకి జారిపోయింది.

కాసేపటికి అత్తగారి కళ్లు మళ్లీ మెరిశాయి. "ఇప్పుడేమంటున్నానే?"

"ఎడమవైపు నీడలో మంచు గట్టిగా ఉందట. అటు వెళ్లమంటున్నారు."

"మరింకేం, నా మాట విను!" అంటూ కేక పెట్టి, ఆవిడే ముందు దూకింది.