వెటకారం

"'న్యాకర్డ్' అంటే ఏంటి? బాగా అలిసిపోవడం. కానీ అలా అంటే చప్పగా ఉంటుంది. ఒళ్లు హూనమైపోవడం! అలా గుర్తుపెట్టుకోండి," అన్నాడు హనుమత్ప్రసాద్, బోర్డు ముందు నిలబడి.

వెనక బెంచీలోంచి చెయ్యి లేచింది. మళ్లీ ఆ పిల్లే.

"హూనం... అంటే, సార్?"

క్లాసంతా గొల్లుమంది.

హనుమత్ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. అమీర్‌పేటలో ఇంగ్లీషు నేర్పేవాళ్లకు కొదవ లేదు. కానీ లండన్ వీధుల్లో జనం వాడే మాటల్ని ఒక్కొక్కటే ఒలిచి, దానికి సరిజోడైన తెలుగు మాట అప్పటికప్పుడు చేతిలో పెట్టేవాడు తానొక్కడేనని అతని నమ్మకం. నర్సు ఉద్యోగాలకు బ్రిటన్ వెళ్లేవాళ్లు, పంజాగుట్ట ఆఫీసుల్లో కూర్చుని అక్కడి కస్టమర్లతో ఫోన్లో మాట్లాడేవాళ్లు అతని బ్యాచ్ కోసమే ఎదురుచూస్తారు.

అలాంటి క్లాసు, ఈ యశస్విని వచ్చి చేరాక నవ్వులాటైపోయింది.

ఇంగ్లీషు మాట మీద ఒక్క అనుమానం అడగదు. అతని తెలుగునే పట్టుకుంటుంది. 'గటెడ్' అంటే గుండె చెరువైపోవడం అన్నాడు. "చెరువా?" అంది కళ్లు పెద్దవి చేసి. 'చఫ్డ్' అంటే ఉబ్బితబ్బిబ్బైపోవడం అన్నాడు. "వన్స్ మోర్, సార్" అంటూ మళ్లీ మళ్లీ చెప్పించింది. 'గాబ్‌స్మాక్డ్' అంటే నోరెళ్లబెట్టడం అన్నప్పుడు, నోరు బార్లా తెరిచి, ఇలాగేనా అన్నట్టు సైగ చేసింది. ఆ రోజు నవ్వలేక అందరి పొట్టలూ చెక్కలయ్యాయి.

అతని ఒళ్లు మండిపోయింది. అమలాపురం నుంచి వచ్చి ఇన్నేళ్లయినా, టీ కొట్టు దగ్గర నోరు జారి "ఆయ్" అంటే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతూనే ఉంటారు. బయట సరే. సొంత క్లాసులో కూడానా?

"ఏమ్మా, మీ బల్కంపేటలో ఎవరికీ ఒళ్లు హూనం అవ్వదా?"

యశస్విని చిన్నగా నవ్వింది.

"మా దిక్కు గట్ల అనరు సార్. పెయ్యంత పుండైంది అంటం," అన్నాడు ముందు బెంచీలోంచి అనుదీప్.

మళ్లీ నవ్వులు.

హనుమత్ప్రసాద్ బోర్డు వైపు తిరిగాడు. 'టేకింగ్ ద మిక్కీ' అని పెద్ద అక్షరాలతో రాశాడు.

"ఇది కొందరు రోజూ నాతో చేస్తున్న పని. దీన్ని తెలుగులో ఏమంటారో తెలుసా? వెటకారం!"

"వె... ట... కారం," అంది యశస్విని. నెమ్మదిగా, అచ్చం అతని యాసలోనే.

అంతే. అతని చేతిలోని మార్కర్ వెళ్లి గోడకు తగిలింది.

"బయటికి నడు!"

ఆమె కదల్లేదు. అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

"సిగ్గులేదూ? పొమ్మంటుంటే గుడ్లప్పగించి చూస్తావేంటి? ఇంట్లో నేర్పింది ఇదేనా?"

"సార్, ఐ..."

"గెట్ అవుట్!"

అప్పుడు కదిలింది. కళ్ల నిండా నీళ్లతో బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అతను విసవిసా ముందుగదిలోకి వచ్చాడు. ఇన్‌స్టిట్యూట్ నడిపే రత్నమాల ఎవరితోనో ఫోన్లో ఉంది. ఆమె మాట ముగించేదాకా కూడా ఆగలేదు.

"ఆ యశస్విని పేరు కొట్టేయండి మేడమ్. రేపట్నుంచి ఈ క్లాసులో ఆ అమ్మాయైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

రత్నమాల ఫోను పక్కన పెట్టేసింది. "ఏమైంది సార్? గంత గరం ఎందుకు? ఏమన్నదా పిల్ల?"

"ఇన్నాళ్లూ ఓర్చుకున్నానండీ! ఇంగ్లీషు మీద ఒక్కరోజు ధ్యాస పెట్టిన పాపాన పోలేదు. నేను ఏ తెలుగు మాటంటే ఆ మాట పట్టుకుని వెక్కిరించడమే పని. ఇంగ్లీషు నేర్చుకునే వాలకమేనా అది?"

రత్నమాల అతని వంక వింతగా చూసింది.

"లండన్ల పుట్టి పెరిగిన పిల్ల సార్ ఆమె, బల్కంపేటల ఉన్న నానమ్మతోని మాట్లాడాలని అమీర్‌పేటంత తిరిగినా తెలుగు నేర్పే క్లాసు ఒక్కటి సుత దొరకక, మీరైతే మాటమాటకు తెలుగు చెప్తరని మీ దగ్గర చేరింది."